ద్రవ్యలోటా? కోశ లోటా?

సందేహం: మాది పలాస. డిగ్రీ దాకా తెలుగులో చదువుకుని ఇప్పుడు ఎచ్చెర్ల విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. అర్థశాస్త్రం చదువుతున్నాను. పాఠ్యపుస్తకంలో ‘కోశ లోటు’ అని ఉంది. బడ్జెట్ రోజున పత్రికలు మాత్రం ‘ద్రవ్యలోటు’ అంటాయి. పరీక్షలో ఏది రాయాలి? అలాగే ‘స్థూల అర్థశాస్త్రం’, ‘స్థూల దేశీయోత్పత్తి’ అంటారు కదా, రెండు చోట్లా స్థూలం ఒకటేనా?
– ఒక విద్యార్థిని

సమాధానం: అమ్మా, మీ పుస్తకమే సరి. ఎందుకు సరో చెప్పాలంటే కొంచెం చుట్టు తిరిగి రావాలి.

ద్రవ్యం అన్న మాట చేత మనం చాలా చాకిరీ చేయించుకుంటున్నాం. గుడికి పట్టుకెళ్లేవి పూజాద్రవ్యాలు, పలావులో పడేవి సుగంధద్రవ్యాలు, భౌతికశాస్త్రంలో ద్రవ్యరాశి. మీ శాస్త్రంలోకి వచ్చేసరికి అది డబ్బు. రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, పెంచినా తగ్గించినా, చలామణిలో ఉన్న డబ్బును అదుపు చేసినా అది ద్రవ్య విధానం. 2016 నుంచి ఆ రేటును తేల్చేది ఆరుగురు సభ్యుల సంఘం. పన్ను ఎంత వేయాలి, దేనికెంత ఖర్చుపెట్టాలి, ఎంత అప్పు తేవాలి అన్నది ప్రభుత్వం చూసుకునే పని. అది కోశ విధానం. మీ ఎం.ఏ. పాఠాల్లో సగం ఈ రెండింటి తేడా మీదే నడుస్తుంది కదా. లోటు దగ్గరకొచ్చేసరికి ప్రభుత్వం పద్దుకు రిజర్వు బ్యాంకు పేరు తగిలిస్తే చదివేవాడు ఏమైపోవాలి?

ప్రభుత్వం మొత్తం ఖర్చులోంచి అప్పు కాకుండా వచ్చిన రాబడిని తీసేస్తే మిగిలేది కోశ లోటు, ఇంగ్లీషులో ఫిస్కల్ డెఫిసిట్. తేటగా చెప్పాలంటే ఆ ఏడాది తేవలసిన అప్పు. ద్రవ్యలోటు అంటే దేశంలో డబ్బుకు కటకట వచ్చిందన్న అర్థం వస్తుంది. 2016 నవంబరులో పెద్దనోట్లు రద్దయి ఏటీఎంల ముందు బారులు తీరాం చూడండి, నన్నడిగితే ద్రవ్యలోటు అంటే అదీ.

కోశం అంటే ఖజానా. మన పెద్దలు బొక్కసం అనేవారు. రాజ్యానికి అంగాలు ఏడింటిని చెబుతూ సంస్కృత నిఘంటువు అమరకోశం రాజు, మంత్రి, మిత్రులతో పాటు కోశాన్నీ లెక్కపెట్టింది. ఇంగ్లీషువారి ఫిస్కల్ అన్న మాటకు మూలం లాటిన్‌లో ‘ఫిస్కస్’. మొదట బుట్ట, తర్వాత డబ్బు దాచే బుట్ట, చివరికి చక్రవర్తి ఖజానా. తర్జుమా చేసినవారు ఎవరో గాని మూలం ఎరిగే కోశం అన్నారు. కొందరు విత్త లోటు అంటున్నారు, దానితో నాకు పేచీ లేదు.

వ్యాకరణం పట్టింపు ఉన్నవారు సంస్కృత పదానికి ‘లోటు’ అనే తెలుగు మాట అతకడమేమిటి, ‘కోశపు లోటు’ అనాలి కదా అంటారు. అనవచ్చు. కానీ ద్రవ్యలోటుదీ అదే అతుకు. ఆ లెక్కన రెంటికీ మార్కులు సమానమే.

ఇక మీరు అడగని ప్రశ్న ఒకటి నేనే వేసుకుంటాను. గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట మీ జిల్లాదే. వాడుకే ప్రమాణమని ఆయన పోరాడారు గదా, పత్రికలన్నీ వాడుతున్న ద్రవ్యలోటును కాదనడమేమిటి అని ఎవరైనా అనవచ్చు. ఆయన నిలబడింది జనం నోట నలిగిన మాట పక్షాన. ద్రవ్యలోటు ఏ సంతలోనూ పుట్టలేదు. కోశ లోటులాగే అదీ బల్ల దగ్గర కూర్చుని కట్టిన మాట. రెండూ కట్టుడు మాటలే అయినప్పుడు బాగా కట్టినదాన్ని ఎంచుకోవడం తప్పు కాదు.

నిజంగా జనం మాట కావాలంటే ‘పరపతి’ని చూడండి. మీ పలాస జీడిపప్పు వ్యాపారంలో పరపతి ఉన్నవాడికి సొమ్ము చేతిలో లేకున్నా సరుకు దొరుకుతుంది. నమ్మకమూ అదే, అప్పు పుట్టే శక్తీ అదే. ఊళ్లో సహకార పరపతి సంఘం బోర్డు మీద ఉన్నదీ, రిజర్వు బ్యాంకు వార్తల్లో ‘పరపతి విధానం’ అయినదీ ఈ మాటే. ఇంత హాయిగా ఒదిగిన పారిభాషిక పదాలు మనకు నాలుగైదు కూడా ఉండవు.

ద్రవ్యోల్బణం మీద నాకొక అనుమానం ఉంది. ద్రవ్యం, ఉల్బణం కలిసిన గుణసంధి అది. ఉల్బణం అంటే మితిమీరడం. అంటే ధరలు పెరగడానికి డబ్బు ఎక్కువ కావడమే కారణమని పేరులోనే తీర్పు చెప్పేశాం. ఆ మాటే చెప్పిన అమెరికా అర్థశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఉంటే మెచ్చుకునేవాడు. వానలు పడక ఉల్లిపాయలు కొండెక్కిన ఏడు కూడా నింద ద్రవ్యానికేనా?

మీ రెండో సందేహానికి జవాబు చిన్నది. రెండు స్థూలాలూ ఒకటి కావు. స్థూల అర్థశాస్త్రంలో స్థూలానికి ఎదురు సూక్ష్మం, అక్కడ చూపు పెద్దదని అర్థం. స్థూల దేశీయోత్పత్తిలో స్థూలానికి ఎదురు నికరం, తరుగుదల, అంటే యంత్రాలూ భవనాలూ అరిగిపోయిన మేర విలువ, తీసేయకముందు లెక్క అని అర్థం. మీ ఊరి తూకంలో చెప్పాలంటే పిక్క బరువు స్థూలం, పప్పు బరువు నికరం. మొదటిదానికి హిందీవారిలాగా ‘సమష్టి’ అని ఉంటే ఈ చిక్కు వచ్చేది కాదు.

పరీక్షలో కోశ లోటు అనే రాయండి. దిద్దేవారు పత్రికల మాటకు అలవాటుపడినవారేమో అని భయముంటే, మొదటిసారి వచ్చినచోట ‘పత్రికలు ద్రవ్యలోటు అనేది దీన్నే’ అని ఒక్క ముక్క చేర్చి ముందుకు వెళ్లండి.