జెనరేటివ్ ఏఐ వచ్చాక సెర్చ్ పరిశోధనకు ఇంకా పనుందా?

చాట్‌బాట్లే జవాబు చెప్పేస్తుంటే ఇక సెర్చ్ మీద పరిశోధన దేనికి అన్నది ప్రశ్న. నా దృష్టిలో పని తగ్గలేదు, పెరిగింది.

చాట్‌బాట్ వెనకున్న భాషా మోడల్‌కు తెలియనివి, నిన్న మొన్న మారినవి ఎక్కడినుంచో తెచ్చివ్వాలి కదా. 2020లో వచ్చిన రాగ్ పద్ధతి చేసేది అదే: ముందు సంబంధిత పేరాలు వెతికి, వాటి ఆధారంగా జవాబు రాయిస్తుంది. వెతికే తీరూ మారింది. 2022 నాటి హైడ్ పద్ధతిలో ‘వరి ఆకులు పసుపెక్కుతున్నాయి, ఎందుకు?’ అని అడిగితే మోడల్ ముందు ఊహించి ఒక జవాబు రాస్తుంది. అందులో తప్పులున్నా ఫర్వాలేదు. నత్రజని, జింకు లోపం లాంటి మాటలు పడతాయి కాబట్టి, ఆ జవాబుతోనే వెతికితే అర్థంలో దానికి దగ్గరగా ఉన్న అసలు పత్రాలు దొరుకుతాయి.

పెద్ద చిక్కంతా మూల్యాంకనంలో, అంటే సెర్చ్ ఎంత బాగా వెతుకుతోందో కొలవడంలో ఉంది. సెర్చ్ వ్యవస్థలను పోల్చి చూసేందుకు 1992లో మొదలైన ట్రెక్ పరీక్షల్లో ఏ పత్రం ప్రశ్నకు పనికొస్తుందో మనుషులే చదివి తేల్చేవారు. ఇప్పుడు ఆ పని పెద్ద భాషా మోడళ్లకూ, అంటే ఎల్‌ఎల్‌ఎమ్‌లకూ అప్పగిస్తున్నారు. ఖర్చు బాగా తగ్గుతుంది, నిజమే. కానీ వెతికేదీ దిద్దేదీ ఒకే మోడల్ అయితే ఆ మార్కులను నమ్మేదెలా? కొన్ని ప్రశ్నలకైనా మనుషుల తీర్పుతో పోల్చి తీరాలి. ఈ మోడళ్లు చదివిన పాఠ్యంలో తెలుగు వాటా చాలా తక్కువ కాబట్టి, మన భాషలో ఆ పోలిక ఇంకా ముఖ్యం.