వై నొక్కే ముందు ఆ జాబితా చదువు

చిరంజీవి అమ్మలుకు పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివాను. సర్వర్‌లో రెయిడ్ డిస్కుల (ఒకటిగా కలిసి పనిచేసే డిస్కుల గుంపు) కోసం, వాటిని చూసుకునే ఎండీఅడ్మ్ ప్రోగ్రామ్ ఒక్కటే ఇన్‌స్టాల్ చేస్తే, దాని వెనకాలే ఒక మెయిల్ సర్వర్ వచ్చి కూర్చుందని రాశావు. "నేను అడగనిది నా మిషన్‌లోకి ఎలా వచ్చింది పెదనాన్నా?" అన్నావు. ఆ ప్రశ్న నీకు తట్టినందుకు చాలా సంతోషం. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లు కూడా, వేయమంటావా అని మిషన్ అడిగితే వై (అవును) నొక్కేసి ముందుకు వెళ్లిపోతారు తప్ప, ఎందుకొచ్చిందని అడగరు.

డెబియన్ అనే లినక్స్‌లో ఒక ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసే ప్రోగ్రామ్ మూట) ఇంకో ప్యాకేజీని కోరడంలో ముఖ్యంగా మూడు మెట్లున్నాయి. డిపెండ్స్ అంటే అది లేకపోతే పని జరగదు. రికమెండ్స్ అంటే మామూలుగా వాడేవాళ్లకి అది కావాల్సి వస్తుంది, లేకపోయినా ప్రోగ్రామ్ నడుస్తుంది. సజెస్ట్స్ అంటే ఉంటే ఉపయోగం, అంతే. 2009లో వచ్చిన డెబియన్ వెర్షన్ లెనీ నుంచి, ప్యాకేజీలు వేసే ఆప్ట్ అనే ప్రోగ్రామ్ ఈ రికమెండ్స్‌ని కూడా తనంతట తానే దించుకుంటోంది. డెబియన్ మీద కట్టిన ఉబుంటులో 8.10 వెర్షన్ నుంచి ఇదే పద్ధతి.

మెయిల్ పంపే ప్యాకేజీ ఏదో ఒకటి ఉంటే మంచిదని ఎండీఅడ్మ్ రికమెండ్స్‌లో రాసి ఉంటుంది. డిస్కు పాడైతే ఆ కబురు నీకు మెయిల్‌లోనే కదా రావాలి? నీ మిషన్‌లో అలాంటిది ఏదీ లేదు. అలాంటప్పుడు ఆప్ట్ వరుసలో మొదట ఉన్నదాన్ని తీసుకుంటుంది. డెబియన్‌లో అది ఎగ్జిమ్ అనే మెయిల్ సర్వర్. కాబట్టి ఆ ప్యాకేజీ చేసినవాళ్లని తిట్టుకోకు. వాళ్లు నీ డిస్కుల మేలు కోరే రాశారు. కాకపోతే నీ సర్వర్‌కి ఏది సరిపోతుందో వాళ్లకి తెలియదు, నీకు తెలుసు.

అందుకే ఆప్ట్ జాబితా చూపించి ఆగిన చోట నువ్వూ ఆగు. ఆ జాబితాలో రికమెండ్స్‌గా వచ్చినవి విడిగా కనిపించవు, అన్నీ కలిసిపోయి ఉంటాయి. అదే కమాండ్‌ని నో ఇన్‌స్టాల్ రికమెండ్స్ ఆప్షన్‌తో, ఏదీ వేయకుండా చూపించే సిమ్యులేట్ మోడ్‌లో ఇంకోసారి నడిపి చూడు. రెండు జాబితాలకీ ఉన్న తేడాయే నువ్వు ఆలోచించుకోవాల్సిన సరుకు. ఇప్పటికే లోపలికి వచ్చేసినదాని గురించి అయితే ఆప్టిట్యూడ్ అనే ఇంకో ప్రోగ్రామ్‌లో వై (ఎందుకు అని అర్థమిచ్చే why) అనే కమాండ్ ఉంది. ఆ ప్యాకేజీని ఎవరు పిలిచారో, వాళ్లని ఎవరు పిలిచారో గొలుసు మొత్తం చూపిస్తుంది. నేను రోజూ వాడే కమాండ్లలో అదొకటి.

ఇంకో చిన్న అలవాటు చేసుకో. ఇన్‌స్టాల్ చేసే ముందు అదే ప్రోగ్రామ్‌కి తేలికపాటి ప్యాకేజీ ఉందేమో వెతుకు. సర్వర్ మీద జావా నడపాలంటే హెడ్‌లెస్ అని పేరున్న జేఆర్ఈ (జావా ప్రోగ్రామ్‌లని నడిపేది) చాలు. మామూలు జేఆర్ఈ వేస్తే స్క్రీనే లేని మిషన్‌లోకి గ్రాఫిక్స్ లైబ్రరీలన్నీ దిగుతాయి. ఈమ్యాక్స్ ఎడిటర్‌కి నాక్స్ అని చివర ఉన్న ప్యాకేజీ కూడా అలాంటిదే.

ఇదంతా చదివి, రికమెండ్స్‌ని కాన్ఫిగ్ ఫైల్లో శాశ్వతంగా ఆపేద్దామని నీకు అనిపిస్తుంది. నేనూ కొన్నాళ్లు అలాగే చేశాను. తర్వాత ఒక కంటెయినర్‌లో (మిషన్ లోపలే విడిగా నడిచే చిన్న వాతావరణం) లింకులని తెచ్చే కర్ల్ ప్రోగ్రామ్ వేస్తే, హెచ్‌టీటీపీఎస్ లింకు దేన్ని అడిగినా సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చేది. సగం రోజు నెట్‌వర్క్‌ని అనుమానించాను. చివరికి చూస్తే, సైట్ల సర్టిఫికెట్లని నమ్మొచ్చో లేదో తేల్చడానికి కావాల్సిన సీఏ సర్టిఫికెట్స్ ప్యాకేజీయే లేదు. కర్ల్ లైబ్రరీ దాన్ని రికమెండ్స్‌లోనే అడుగుతుంది మరి. ఆపెయ్యడం తప్పు కాదు, కానీ ఆపితే దేన్ని వదిలేస్తున్నావో ప్రతిసారీ చదవాల్సిన బాధ్యత నీదవుతుంది. ఆ ఓపిక ఉంటేనే ఆపు.

తీసేసేటప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఇది నాకు జరిగిన నష్టం నుంచి చెబుతున్నాను. చాలా ఏళ్ల క్రితం, దూరంగా ఉన్న ఒక మిషన్‌లో నాకు అక్కర్లేని ఒక చిన్న ప్రోగ్రామ్‌ని తీసేశాను. అది ఒక మెటా ప్యాకేజీలో భాగం. అంటే లోపల ప్రోగ్రామేమీ లేకుండా, ఒక గుంపుని కలిపి పట్టుకునే ప్యాకేజీ. ఒక్కటి పోయేసరికి ఆ మెటా ప్యాకేజీ కూడా పోయింది. దాంతో గుంపులో మిగిలినవాటిని అడిగిన వాళ్లంటూ ఎవరూ లేకుండా పోయారు. తర్వాత నేను, ఎవరూ అడగని ప్యాకేజీలని తీసేసే ఆటోరిమూవ్ కొట్టాను, జాబితా చదవకుండా. నెట్‌వర్క్ మేనేజర్ కూడా అందులో ఉంది. కనెక్షన్ తెగింది. ఆ మిషన్ దగ్గరికి మనిషి వెళ్లి కూర్చునే దాకా అక్కడి పని మొత్తం ఆగిపోయింది. నా ఆఫీసులో ఎవరూ నన్ను గట్టిగా ఏమీ అనలేదు, అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెటా ప్యాకేజీ పోతోందని కనిపిస్తే, నీకు కావాల్సినవాటిని ముందే ఆప్ట్ మార్క్ కమాండ్‌తో మాన్యువల్ (నేనే అడిగి వేసుకున్నది) అని గుర్తు పెట్టు. అప్పుడు ఆటోరిమూవ్ వాటి జోలికి పోదు.

ఆటోరిమూవ్ గురించే ఇంకో మాట. అది అన్నీ ఊడ్చేస్తుందని అనుకోకు. ఉన్న ప్యాకేజీల్లో ఏదో ఒకటి సజెస్ట్ చేస్తున్నా సరే, డిఫాల్ట్‌గా అది ఆ ప్యాకేజీని ఉంచేస్తుంది.

ఫెడోరా అనే లినక్స్‌లో రికమెండ్స్ లాంటివాటిని వీక్ డిపెండెన్సీలు అంటారు, అక్కడ ప్యాకేజీలు వేసే డీఎన్ఎఫ్ కాన్ఫిగ్‌లో ఒక్క లైనుతో ఆపొచ్చు. ఆర్చ్ లినక్స్‌లో ఆప్షనల్ డిపెండెన్సీల పేర్లు చూపించి ఊరుకుంటుంది, వేయదు. ఒక ప్యాకేజీ ఎప్పటికీ రాకూడదంటే ఆప్ట్‌లో దాని ప్రాధాన్యం చెప్పే అంకె పిన్ ప్రయారిటీని సున్నా కంటే తక్కువ పెట్టాలి. 2020లో లినక్స్ మింట్ 20 వాళ్లు స్నాప్‌డీని (స్నాప్ అనే వేరే రకం ప్యాకేజీలని నడిపేది) అడ్డుకున్నది ఇలాగే.

ఇంత పట్టింపు ఎందుకని నీ తోటివాళ్లు అంటారు. డిస్కు చవకే కదా అంటారు. అది నిజమే, నేను కూడా డిస్కు కోసం చెప్పడం లేదు. 2024 మార్చి 29న, ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్యాకేజీ విషయం బయటపడింది. ఆ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగ తలుపు పెట్టారు. దూరం నుంచి మిషన్‌లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందని అనుమానం వచ్చి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి పట్టుకున్నాడు. అసలు ఆ లాగిన్ నడిపే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కి ఎక్స్‌జెడ్ లైబ్రరీతో పనే లేదు. "నేను సిద్ధం" అని, సర్వీసులని నడిపే సిస్టమ్‌డీకి చెప్పడం కోసం డెబియన్, ఫెడోరా లాంటివి దానికి సిస్టమ్‌డీ లైబ్రరీ లిబ్‌సిస్టమ్‌డీని కలిపాయి. లిబ్‌సిస్టమ్‌డీ తన అవసరం కోసం ఎక్స్‌జెడ్ లైబ్రరీని వెంట తెచ్చింది. దొంగ ఆ దారినే వచ్చాడు. ఆ దొంగ తలుపు నిలకడ వెర్షన్లకి చేరేలోపే దొరికింది కాబట్టి డెబియన్ స్టేబుల్ వాడేవాళ్లం బతికిపోయాం. ఆ ఒక్క కబురు చెప్పడానికి అంత లైబ్రరీ అక్కర్లేదు. అదే ఏడాది వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8లో ఆ పనిని సొంతంగా రాసుకున్నారు.

అలాగని ప్యాకేజీల లెక్క తగ్గించడమే పనిగా పెట్టుకోకు. పడి ఉన్న ఫాంట్ ఫైలు నీకు చేసే హాని ఏమీ లేదు. ఏది సర్వీసుగా నడుస్తోంది, ఏది కనెక్షన్ల కోసం పోర్టు తెరిచి వింటోంది, ఏది రూట్ హక్కుతో (మిషన్ మీద పూర్తి అధికారంతో) ఉంది, వీటినే చూడు. డెబియన్‌లో సర్వీసు ఉన్న ప్యాకేజీ ఇన్‌స్టాల్ అవగానే సాధారణంగా అది నడవడం కూడా మొదలుపెడుతుంది. ఏదైనా వేసిన వెంటనే ఎస్‌ఎస్ కమాండ్ కొట్టి పోర్టులు చూసుకో.

ఇక నీ సర్వర్ సంగతి. ఎగ్జిమ్ డిఫాల్ట్‌గా ఆ మిషన్ లోపలికి మాత్రమే వింటుంది కాబట్టి టెన్షన్ పడకు, ఈ రాత్రికి ఉండనీ. ఊరికే తీసేస్తే మాత్రం డిస్కు పోయిన కబురు నీకు చేరదు. రేపు ఎమ్‌ఎస్‌ఎమ్‌టీపీ ఎంటీఏ ప్యాకేజీ వెయ్యి. అది మెయిల్‌ని మీ ఆఫీసు మెయిల్ సర్వర్‌కి అందించి ఊరుకుంటుంది. అది వస్తే ఎగ్జిమ్‌ని ఆప్ట్ తనే తప్పిస్తుంది, ఆ జాబితా కూడా చదివాకే వై నొక్కు. మీ మెయిల్ సర్వర్ వివరాలు దాని కాన్ఫిగ్‌లో, నీ అడ్రస్ ఎండీఅడ్మ్ కాన్ఫిగ్‌లో రాసి, ఎండీఅడ్మ్‌ని మానిటర్, స్కాన్, టెస్ట్, వన్‌షాట్ ఆప్షన్లతో ఒకసారి నడుపు. ప్రతి అర్రేకీ (డిస్కుల గుంపుకీ) ఒక పరీక్ష మెయిల్ రావాలి. వచ్చిందో లేదో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న