మరిగించి చూడు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

క్యాన్సర్ ఇమ్యునాలజీలో పోస్ట్‌డాక్టరల్ పరిశోధనకు నీకు అవకాశం వచ్చిందని మీ అమ్మ ఫోనులో చెప్పిన సంతోషం ఆ పూటంతా నిలిచింది. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు అదే పని చేసినదాన్ని కనుక, నాకు భయం వేసిన చోట్లు నీకు ముందుగా చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

చేరేముందు ఆ ల్యాబ్‌లో పనిచేసి వెళ్లిపోయినవారితో మాట్లాడు. బయటికి వచ్చేటప్పుడు ఏ ప్రాజెక్టు నీ వెంట తీసుకువెళ్లవచ్చో మొదటి నెలలోనే అడుగు. ఎలుకల ప్రయోగాలకు అనుమతులు ఆలస్యమవుతాయి కనుక ఆ కాగితాల పని వెంటనే మొదలుపెట్టు. ఇవి నీకు తెలియనివి కావు.

రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలకు బ్రేకులా పనిచేసే సీటీఎల్ఏ-4 అనే ప్రోటీన్‌ను యాంటీబాడీతో అడ్డుకుంటే ఎలుకల్లో కణితులు కరుగుతాయని జేమ్స్ ఆలిసన్ బృందం 1996లో ప్రచురించింది; ఆ ఆలోచనతో వచ్చిన ఇపిలిముమాబ్ అనే మందుకు అమెరికాలో అనుమతి 2011లో గాని రాలేదు. నీ ఒప్పందమేమో రెండేళ్లది. ఈ పొంతన లేని గడువే పోస్ట్‌డాక్‌ల చేత తప్పులు చేయిస్తుంది. నా చేతా చేయించింది.

ఈ.కోలై బాక్టీరియాలో తయారుచేసి శుద్ధి చేసిన ఒక ప్రోటీన్‌ను, టి కణాలను మేల్కొలిపే డెండ్రైటిక్ కణాలపై వేస్తే అవి ఐఎల్-12, టీఎన్ఎఫ్ అనే సంకేత ప్రోటీన్లను ధారాళంగా విడుదల చేసేవి. టి కణాలను కణితిపైకి ఉసిగొల్పే కొత్త అణువు దొరికిందని పొంగిపోయాను. ఏడు నెలలపాటు ఎన్నిసార్లు చేసినా అదే ఫలితం వచ్చింది. కల్తీ కూడా అంతే నమ్మకంగా ప్రతిసారీ వస్తుందన్న సంగతి నాకు తట్టలేదు. ఒకనాడు ల్యాబ్ మీటింగ్‌లో ఒక టెక్నీషియన్ "మరిగించి చూశారా?" అని అడిగితే ఒళ్లు మండింది. అయినా అందరూ వెళ్లాక ఆ ప్రోటీన్‌ను మరిగించి కణాలపై వేశాను. ఆకృతి చెడిన ప్రోటీన్ పని మానెయ్యాలి కదా. ఆ సంకేత ప్రోటీన్లను కొలిచే ఎలైజా ప్లేటులో బావులన్నీ ఎప్పటిలాగే పసుపెక్కాయి. కణాలను రేపినది నా ప్రోటీన్ కాదు, బాక్టీరియా పొర నుంచి దానికి అంటుకుని వచ్చిన ఎండోటాక్సిన్. అది మరిగించినా చెడదు. కణాలపై ఉండే టీఎల్ఆర్4 అనే గ్రాహకం ద్వారా నానోగ్రాముల్లోనే కణాలను మేల్కొలుపుతుంది.

ఇంతవరకు చేసినది పొరపాటు. ఆ తరువాత తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పకుండా ఉండడమే నేను చేసిన తప్పు. మరో బ్యాచ్ చేస్తే బాగుపడుతుందేమో, ముందు నేనే తేల్చుకుందామని నన్ను నేను మభ్యపెట్టుకుంటుండగా, పక్క బెంచీ విద్యార్థిని అదే ప్రోటీన్‌ను తన ఎలుకలకు ఎక్కించింది. సంగతి తెలిశాక ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నా గొట్టాలు అడగడం మాత్రం మానేసింది.

ఈ కల్తీని పట్టడానికి గుర్రపునాడా పీత రక్తంతో చేసే ఎండోటాక్సిన్ పరీక్ష ఉంది, ఎండోటాక్సిన్‌ను పట్టి అణిచే పాలీమిక్సిన్ బి ఉంది, దానికి స్పందించని, టీఎల్ఆర్4 లేని ఎలుకల కణాలూ దొరుకుతాయి. మరిగించడం ఒక్కదానితోనే తృప్తిపడకుండా వీటన్నిటినీ వాడు. కొన్న ప్రోటీన్ సీసా మీద ఏమి రాసి ఉన్నా సరే, నీ చేతితో పరీక్షించు. నీ తెలివి మీద నాకు అనుమానం లేదు. చిన్నప్పుడు పలక పగిలితే ముక్కలు పరుపు కింద దాచి, వాటిమీదే పడుకుని, తెల్లవారేసరికి వీపంతా గీరుకున్న మొండిదానివి నువ్వు. ఆ రోజు మందు రాస్తూ నిన్ను తిట్టాను గాని, దాచే గుణం ఎవరి నుంచి వచ్చిందో నాకు అప్పుడే తెలుసు.

అందుకని మొదటి మంచి ఫలితం వచ్చిన రోజున గొట్టంలో సగం మరిగించడానికి పక్కన పెట్టు. మరిగాక కూడా పనిచేస్తే ఆ రోజే మీ ప్రొఫెసర్‌తో చెప్పు. నోరు పెగలకపోతే ముందు నాకు ఫోను చెయ్యి; ఏ వేళైనా ఫరవాలేదు, నాకు ఎలాగూ నిద్ర పట్టదు.

మీ పెద్దమ్మ