తగ్గింది సరే, ఎటు పోయింది?

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. స్ట్రాటోస్ఫియర్‌లో, అంటే ఓజోన్ పొర ఉండే పైగాలిలో, నైట్రోజన్ డయాక్సైడ్ చలికాలంలో తగ్గుతుంది, వేసవిలో పెరుగుతుంది అని రాసి, ఒక గ్రాఫ్ పెట్టి ముందుకెళ్లిపోయావు. తగ్గితే ఎటు పోయింది మరి? చదివేవాడికి వచ్చే మొదటి డౌట్ అదే.

అసలు కథంతా అక్కడే ఉంది. చీకటి పడ్డాక ఈ వాయువు ఓజోన్‌తో కలిసి, మెల్లగా డైనైట్రోజన్ పెంటాక్సైడ్‌గా మారుతుంది, తెల్లారి ఎండ తగిలితే విడిపోయి వెనక్కి వస్తుంది. ధ్రువాల వైపు చలికాలం రాత్రులు బాగా పొడుగు కదా, ఈలోగా అది గంధకామ్లపు సన్నటి తుంపర్ల మీద నీటితో చేరి నైట్రిక్ యాసిడ్ అయిపోతుంది. సేవింగ్స్ డబ్బు ఎఫ్‌డీలో పడ్డట్టే, ఉంటుంది గానీ వాడకానికి రాదు. ఎండాకాలం వస్తే మళ్లీ విడుదల. 1970లలో జాన్ నాక్సన్ అనే శాస్త్రవేత్త కొలిచి చూస్తే, ఉత్తరార్ధగోళంలో చలికాలం ఉత్తరానికి పోతుంటే 50 డిగ్రీల అక్షాంశం దాపుల్లో నైట్రోజన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పడిపోయి కనిపించింది. అందుకే దానికి 'నాక్సన్ క్లిఫ్' (క్లిఫ్ అంటే నిటారు కొండ అంచు) అని పేరు. ఇంత మంచి సంగతి నీ వ్యాసంలో లేదు!

అంటార్కిటికాని ఒక్క వాక్యంలో తేల్చేశావు, నేనైతే రెండు పేరాలు ఇస్తాను. అక్కడ చలి సుమారు మైనస్ 78 డిగ్రీలు దాటితే నైట్రిక్ యాసిడ్ మేఘాల్లో గడ్డకట్టి, బరువెక్కిన రేణువులు కిందికి జారిపోతాయి, అంటే ఈసారి నిజంగానే పోయినట్టు. సెప్టెంబర్‌లో సూర్యుడు తిరిగొచ్చేసరికి ఓజోన్‌ని తినేసే క్లోరిన్‌ని కట్టిపడేసే నైట్రోజన్ డయాక్సైడ్ ఉండదు, ఇక ఓజోన్‌కి దిక్కెవరు?

ఓజోన్ రసాయన శాస్త్రవేత్త పాల్ క్రుట్జెన్ 1995 నోబెల్‌తో మొదలుపెట్టావు, తీసెయ్, అందరూ అక్కడే మొదలుపెడతారు. ఒకపక్క క్లోరిన్‌ని కట్టిపడేసినా, ఇంకోపక్క ఈ నైట్రోజన్ ఆక్సైడ్లే తాము ఖర్చయిపోకుండానే ఓజోన్‌ను విరగ్గొడతాయని ఆయన 1970లో చూపించిన సంగతి మాత్రం మధ్యలో రావాలి, ఎందుకంటే అది తెలిస్తేనే ఈ హెచ్చుతగ్గుల్ని ఎవరైనా పట్టించుకుంటారు.

న్యూజిలాండ్‌లోని లాడర్‌లో 1980 నుంచి తెల్లవారుజామున, సందెవేళ నడినెత్తి ఆకాశపు వెలుగుని కొలుస్తున్నారు, ఈ వాయువు మింగేసిన నీలి, ఊదా రంగుల్ని బట్టి లెక్క కడతారు. దాని గురించి రాసేటప్పుడు నెలలు జాగ్రత్త. అక్కడ డిసెంబరంటే వేసవి, నువ్వేమో మన లెక్కలో 'మే ఎండలు' అని రాసేశావు.

ఇంకొకటి, గ్రాఫ్ కింద 'ఘనపు సెంటీమీటరుకి అణువులు' అని పడింది, పైనున్న గాలి మొత్తం లెక్క కాబట్టి చదరపు సెంటీమీటరు అని ఉండాలి. అది దిద్ది మళ్లీ పంపు.