ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగ్‌కి మొదటిసారి వెళ్ళాలంటే ఎలా వెతకాలి? అక్కడ మాట్లాడక తప్పదా? దేవుణ్ణి నమ్మనివాళ్ళు వెళ్ళొచ్చా?

మీరు అడిగినవి మూడు. మీటింగ్ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది, వెళ్తే నోరు విప్పక తప్పదా, దేవుడంటే నమ్మకం లేనివాళ్ళకి అక్కడ చోటుందా. వాటికన్నా ముందు మీరు అడగనిది ఒకటి చెప్పాలి. రోజూ గట్టిగా తాగేవాళ్ళు రేపటి మీటింగ్ కోసమని ఇవాళే మందు బంద్ చేయకూడదు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేటట్టయితే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు కొందరికి మతి తప్పుతుంది, లేనివి కనిపిస్తాయి. దానికి ప్రాణం పోవచ్చు కూడా. పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక పెగ్గు పడితేగానీ కుదురుకోని మనిషి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మీటింగ్‌లో ఉండేది మీలాగే తాగి మానినవాళ్ళు, వైద్యులు కారు.

వెతకడం కష్టమేమీ కాదు. ఏఏ వాళ్ళ ‘మీటింగ్ గైడ్’ యాప్ ఉచితం, దగ్గర్లో ఉన్నవి రోజు, టైము వారీగా చూపిస్తుంది. మీ ప్రాంతం అందులో లేకపోతే మీ దేశపు ఏఏ వెబ్‌సైట్‌లోనో హెల్ప్‌లైన్‌లోనో దొరుకుతుంది. చిక్కల్లా లిస్టులు పాతబడిపోవడమే. గ్రూపులకి సొంత బిల్డింగులు ఉండటం అరుదు, అద్దె గదుల్లో నడుస్తాయి, గది మారినా లిస్టు వెంటనే మారకపోవచ్చు. పైగా బయట పెద్ద బోర్డు ఉండకపోవచ్చు. ధైర్యం కూడగట్టుకుని వెళ్ళి, తాళం చూసి వెనక్కి వచ్చినవాళ్ళు మళ్ళీ బయల్దేరడం కష్టం. అందుకే బయల్దేరే ముందు ఫోన్ చేసి ఏ గేటు, ఏ అంతస్తు, ఏ భాష, ఓపెనా క్లోజ్డా అని అడగండి. ఓపెన్ మీటింగ్‌కి ఇంట్లోవాళ్ళని కూడా తీసుకెళ్ళొచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు మానాలన్న కోరిక ఉన్నవాళ్ళకే. ఆ కోరికే సభ్యత్వానికి ఏకైక అర్హత, సర్టిఫికెట్ ఎవరూ అడగరు. ఫీజు లేదు, చివర్లో చందా బుట్ట తిరుగుతుంది, వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

నాలుగైదు మీటింగ్‌లు కనిపిస్తే, మీరు రోజూ గ్లాసు పట్టుకునే టైముకి ఉన్నదే ఎంచుకోండి. ఇంటికి దగ్గరగా ఉండటంకన్నా ఇదే ముఖ్యమని నా అభిప్రాయం.

పది నిమిషాలు ముందే వెళ్ళి, కుర్చీలు వేస్తున్న మనిషితో “మొదటిసారి వచ్చాను” అనండి చాలు. మీటింగ్ గంట, గంటన్నర ఉంటుంది. ముందు ఏదో చదువుతారు, తర్వాత ఒక్కొక్కరు మూడు నుంచి ఐదు నిమిషాలు మాట్లాడతారు. మీ వంతు వస్తే “ఇవాళ వింటాను” అంటే పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతుంది. పేరు చెప్పాలనిపిస్తే ఇంటిపేరు లేకుండా చెప్పండి. “నేను ఆల్కహాలిక్‌ని” అని మొదటిరోజే అనాల్సిన పని లేదు. కొత్తవాళ్ళు నొచ్చుకునేది ఇంకోచోట: కడుపులోదంతా కక్కేస్తే ఎవరూ జవాబివ్వరు, “థాంక్యూ” అని తర్వాతి మనిషి మొదలుపెడతారు. అది నిర్లక్ష్యం కాదు. ఒకరు చెప్పినదానిపై మరొకరు వ్యాఖ్యానించకూడదని చాలా గ్రూపుల్లో నియమం. అలా వ్యాఖ్యానించడాన్ని క్రాస్‌టాక్ అంటారు. మీతో మాట్లాడాలనుకున్నవాళ్ళు మీటింగ్ అయ్యాక వస్తారు.

అందుకే అయిపోగానే చెప్పులేసుకుని పారిపోకండి. ఆ పదిహేను నిమిషాల్లోనే అసలు పని జరుగుతుంది. ఆడవాళ్ళయితే ఆడవాళ్ళవి, మగవాళ్ళయితే మగవాళ్ళవి రెండు మూడు ఫోన్ నంబర్లు తీసుకోండి. ఏ ఇబ్బందీ లేని రోజునే ఒకసారి ఫోన్ చేసి ఊరికే పలకరించండి. అలవాటు లేని నంబరుకి, నాలుక పీకుతున్న సాయంత్రం చెయ్యి వెళ్ళదు.

ఒక్క మీటింగ్ చూసి తేల్చేయొద్దు. ప్రతి గ్రూపుదీ దాని తీరు. ఒకచోట పుస్తకం చదివి చర్చిస్తారు, ఇంకోచోట ఒకరే అరగంట మాట్లాడతారు. కనీసం ఐదారు చూడండి. ఏఏ వాళ్ళు పాటించే పన్నెండు సూత్రాల్లో, అంటే ‘మెట్ల’లో, దేవుడి మాట ఉంది నిజమే, కానీ “మేము అర్థం చేసుకున్న విధంగా” అన్న ముక్క కూడా ఉంది. నాస్తికుల కోసం నడిచే ఏఏ గ్రూపులున్నాయి. అదీ పడకపోతే 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ ఉంది, అక్కడ ఆలోచనల్ని, కోరికల్ని పట్టుకునే పద్ధతులు నేర్పుతారు. ఆన్‌లైన్ మీటింగ్‌లు కూడా ఉన్నాయి. చేరే ముందు స్క్రీన్ మీద పడే పేరు మార్చుకోండి, చాలామంది అక్కడే పూర్తిపేరుతో దొరికిపోతారు.

జాగ్రత్తలు కొన్ని. డాక్టర్ రాసిన మందులు ఆపేయమని మీటింగ్‌లో ఎవరైనా అంటే వినకండి. సభ్యులు డాక్టర్ పాత్ర వేయకూడదని ఏఏ తన పుస్తకాల్లోనే రాసుకుంది. కొత్తవాళ్ళ దగ్గర అప్పులడిగేవాళ్ళు, ప్రేమ వ్యవహారం మొదలుపెట్టేవాళ్ళు ఎక్కడైనా ఉంటారు, దూరంగా ఉండండి. బయటికి పొక్కకూడదన్నది అక్కడి ఆనవాయితీ, చట్టం కాదు. కోర్టు గొడవలున్నవాళ్ళు ఆ సంగతులు లాయర్‌తోనే మాట్లాడుకోవాలి. మధ్యలో తాగేస్తే మళ్ళీ రావచ్చు, తాగకుండా ఉన్న రోజుల లెక్క మాత్రం ఒకటి నుంచి మొదలవుతుంది. తాగిన రోజు వచ్చినా సాధారణంగా గెంటేయరు, ఆ పూట మాట్లాడకుండా కూర్చోమంటారు. మీరు రాకపోయినా ఇంట్లోవాళ్ళు విడిగా వెళ్ళడానికి 1951 నుంచి అల్-అనాన్ ఉంది.