కప్పు విప్పే ముందు ఒకసారి పైకెక్కి చూడు

అమ్మా,

పాత కాలేజీ భవనం కప్పు మార్చే పని నీ నెత్తిన పడిందని తెలిసింది. టెన్షన్ పడకు. కానీ ఎస్టిమేట్ ముందు రాసేసి భవనం తర్వాత చూసే అలవాటు మన ఇంజనీరింగ్ విభాగంలో ఉంది, అది మాత్రం నీకు అంటనివ్వకు.

అది మద్రాస్ టెర్రస్ కప్పు. టేకు దూలాల మీద అంగుళం మందం చిన్న ఇటుకల్ని గోడకు ఏటవాలుగా నిలబెట్టి గానుగ సున్నంతో (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం) పేర్చి, పైన ఇటుక జల్లి, సున్నం కలిపి పోసి, ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టి గట్టిపరిచి, ఆపైన పలకలు పరిచిన పని. అలాంటిది ఊరికే కారదు. నేను చూసిన వాటిలో సగానికి పైగా పిట్టగోడ మొదట్లోనో, ఆకులతో పూడిపోయిన తూము దగ్గరో, గోడ పగుల్లో మొలిచిన రావి మొక్క వేళ్ల వెంటో కారాయి. నీళ్లు ఒకచోట దిగి ఇంకోచోట బొట్లు పడతాయి కాబట్టి కింద మరక చూసి పైన తవ్వకు.

అసలు భయం దూలాల చివర్లు. మధ్యలో ఎంత నిగనిగలాడినా గోడలోకి దూరిన జానెడు ముక్క గాలాడక చెమ్మ పట్టి పుచ్చిపోతుంది. ప్రతి దూలం చివరా సుత్తితో తట్టు, స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు, మెత్తగా దిగిందంటే అది పోయినట్టే. ఒక్కోదానికి నంబరు వేసి పుస్తకంలో రాసుకో. అప్పుడు తెలుస్తుంది కప్పంతా మార్చాలో, నాలుగు దూలాలు మారిస్తే చాలో.

ఇంకోటి, పాత లెక్కలు తిరగెయ్యి. కారినప్పుడల్లా సిమెంట్ పూత మీద పూత వేసి ఉంటారు. అంగుళం మందం పూత వెయ్యి చదరపు అడుగులకు దాదాపు ఐదు టన్నులు, అలాంటివి మూడు ఉంటే ఆ దూలాలు ఏమైపోవాలి? పైగా సిమెంట్ లోపలి చెమ్మను బయటికి పోనివ్వదు.

తీసేసి స్లాబే వేద్దామంటే, వద్దనను. కానీ సున్నంతో కట్టిన గోడల మీద స్లాబ్ నేరుగా పోయకు. ఎండకు స్లాబ్ సాగి గోడను తోస్తుంది, ఏడాది తిరిగేసరికి కప్పు కింద అడ్డంగా పగులు వస్తుంది. గోడ తల నునుపుగా పూసి మధ్యలో తారు ఫెల్ట్ (తారు పట్టించిన మందపాటి షీటు) పరిచి, స్లాబ్ జరగడానికి వీలిచ్చి అప్పుడు పొయ్యి. దూలాలు తీశాక పైగోడలకు పట్టు ఉండదు, ఊతకర్రలు ముందే పెట్టించు.

మే నెల్లో సెలవులు కదా అని హాలు మొత్తం ఒకేసారి విప్పించకు. నేను ఆ పనే చేశాను, ఒక లైబ్రరీకి. వానకి ఇంకా నెల ఉందనుకున్నా. ఒక సాయంత్రం గాలివాన వచ్చింది, తెచ్చిన టార్పాలిన్లు గోదాములో మడతల్లో ఉన్నాయి, మేం తెల్లారేదాకా తడిసిన పుస్తకాల పేజీల మధ్య పాత పేపర్లు పెడుతూ కూర్చున్నాం. అందుకే ఒక్కో గదీ విప్పు, అది మూశాకే రెండోది. మీది సముద్రం ఒడ్డున ఊరు, అక్టోబరు, నవంబరు తుపాన్లనూ లెక్కలో పెట్టుకో. 2014లో హుద్‌హుద్ వచ్చింది అక్టోబరు 12నే.

దించిన టేకు దూలాలకు రాత్రికి రాత్రి కాళ్లొస్తాయి. ప్రతిదీ కొలిచి, అదే రోజు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి కాంట్రాక్టర్ మేస్త్రీ చేత సంతకం పెట్టించు. మొహమాటపడితే ఆడిట్ రోజు జవాబు నువ్వే చెప్పుకోవాలి.

గానుగ సున్నం పనికి ఎస్టిమేట్‌లో వేసుకోవడానికి తయారు రేటు దొరక్కపోవచ్చు, రేట్ అనాలిసిస్, అంటే సామానుకెంత, కూలికెంత అని విడదీసి రేటు కట్టే లెక్క, నువ్వే రాసుకోవాల్సి వస్తుంది. రాశాక నాకు పంపు, చూస్తాను. ఫోన్ మాత్రం నాలుగు దాటాకే చెయ్యి, మధ్యాహ్నం నిద్ర పాడైతే మీ అత్తయ్య మీదే అరుస్తాను.