గాజు ఊదే క్లాసుకు వెళ్ళొచ్చా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. నాకు నలభై మూడేళ్ళు. ఇంటికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ ఆర్ట్ స్టూడియోలో కొంతకాలంగా మట్టి పని నేర్చుకుంటున్నాను. ఇప్పుడు అక్కడే శనివారాలు గ్లాస్ బ్లోయింగ్ క్లాసు మొదలుపెట్టారు. బల్ల మీద గ్యాసు మంటనిచ్చే టార్చి బిగించి, గాజు గొట్టాన్ని కాల్చి, చిన్న పూలసీసా ఊదిస్తారట. మనసు లాగుతోంది. కానీ మెట్లెక్కితేనే ఆయాసపడే నాకు అంత ఊపిరి ఎక్కడిదని భయం. "నిప్పుతోనూ గాజుతోనూ నీకెందుకు" అని మావారు. మా అమ్మాయికి పదమూడేళ్ళు, తనూ వస్తానని పట్టుబట్టింది. చేసిన వస్తువు ఆ రోజే ఇవ్వరట, మర్నాడు వచ్చి తీసుకోవాలట. అదెందుకో కూడా చెప్పండి. మాది రేణిగుంట వైపు.
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: వెళ్ళండమ్మా, తప్పకుండా వెళ్ళండి. నేను ఇదే ఊళ్ళో ఒక పరిశోధనశాలకు గాజు ఫ్లాస్కులు, ఆవిరిని చల్లార్చే గాజు కండెన్సర్లు చేసిపెడుతూ రిటైరైనవాణ్ణి. ఈ పనితో సంబంధం లేనివాళ్ళు కూడా సెలవు రోజున వచ్చి గాజు కాల్చి చూసే రోజులొస్తాయని అప్పట్లో మేమెవరం అనుకోలేదు. మీ ఉత్తరం చూసి ఎంత సంతోషించానో చెప్పలేను.

ముందు ఊపిరి సంగతి. మెత్తబడ్డ గాజును ఉబ్బించడానికి బుగ్గల్లో పట్టేంత గాలి చాలు, గుండెల నిండా పీల్చుకోనక్కర్లేదు. పెద్ద కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళయితే ఇనప గొట్టంలోకి ఒక్కసారి మెల్లగా ఊది, మూతి దగ్గర బొటనవేలు అడ్డుపెట్టి ఊరుకుంటారు. లోపల చిక్కుకున్న గాలి వేడెక్కి తనంతట తనే గాజును బుడగలా లేపుతుంది. గది వేడి నుంచి వెయ్యి డిగ్రీలకు చేరితే గాలి నాలుగింతలకు పైగా వ్యాకోచిస్తుంది మరి. మెట్లెక్కితే వచ్చే ఆయాసానికీ ఈ పనికీ సంబంధం లేదు. దాన్ని మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించండి.

అసలు పనంతా తిప్పడంలో ఉంది. గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని, మధ్యభాగాన్ని మంటలో పెట్టి, ఆపకుండా తిప్పుతూ ఉండాలి. మధ్యలో గాజు మెత్తబడ్డాక రెండు చేతులకూ నడుమ గట్టి ఆధారం ఉండదు. అప్పటికి అది ముదురు పాకంలా జారుతుంటుంది. ఎడమచెయ్యి కాస్త వెనకబడితే మెలితిరుగుతుంది, రెండూ ఆగితే కిందికి వేలాడుతుంది. మట్టి చక్రానికి మోటారు ఉంటుంది, ఇక్కడ ఆ పని కూడా మీ వేళ్ళదే. క్లాసుకు వెళ్ళేలోపు ఇంట్లో ఒకటి చేయండి. రెండు పెన్సిళ్ళ చివరలకు ఒక చేతిరుమాలు చుట్టి కట్టి, చెరొక చేత్తో చెరొకటి పట్టుకుని, రుమాలు మెలితిరగకుండా, సాగకుండా రెండింటినీ కలిపి తిప్పండి. టీవీ చూస్తూ చేసుకోవచ్చు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాళ్ళకు టార్చి ముట్టించే ముందు ఇలాంటి సాధనే చేయించేవాళ్ళం.

మీకు ఇచ్చేది బోరోసిలికేట్ గొట్టం అయ్యుండాలి. ల్యాబు బీకర్ల గాజే అది. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలో ఓటో షాట్ తయారుచేసిన రకం. మామూలు సీసాల గాజుతో పోలిస్తే వేడికి మూడోవంతే వ్యాకోచిస్తుంది కాబట్టి మంట తగలగానే చిట్లిపోదు. కొత్త చేతులకు అదే సరైనది. 820 డిగ్రీల దగ్గర మెత్తబడడం మొదలవుతుంది. ఊదడానికి అంతకంటే చాలా వేడి కావాలి, అందుకే గ్యాసుతో పాటు ఆక్సిజన్ కూడా పెడతారు.

ఇక ఊదే ఘడియ. ఇది మాత్రం శ్రద్ధగా వినండి. మంటలో ఉండగా ఊదకూడదు. గాజును బయటికి తీసి, తిప్పుతూనే ఒక్క క్షణం ఆగాలి. ఆ క్షణంలో గోడ పల్చగా ఉన్నచోటు ముందు చల్లారి బిగుసుకుంటుంది, మందంగా ఉన్నచోటు ఇంకా మెత్తగానే ఉంటుంది. అప్పుడు ఊదితే మందంగా ఉన్నదే సాగి, గోడంతా ఒకే తీరుకు వస్తుంది. తొందరపడి మంటలోనే ఊదితే పల్చటి చోటే ఉబ్బి పగిలిపోతుంది. ఇన్నేళ్ళు చేశాక కూడా ఆ ఒక్క క్షణం నాకు ముచ్చటగానే ఉండేది.

వాళ్ళిచ్చే గులాబీ-ఊదా రంగు కళ్ళద్దాలు ఎబ్బెట్టుగా ఉన్నాయని తీసెయ్యకండి. గాజు కాలినప్పుడు అందులోని సోడియం వల్ల మంట పసుపుపచ్చగా భగ్గుమంటుంది, లోపల ఏం జరుగుతోందో కనబడదు. డిడీమియం అనే ఆ అద్దాలు సరిగ్గా ఆ పసుపు వెలుగునే మింగేస్తాయి. అవి పెట్టుకుని చూడండి. అంతదాకా కళ్ళు మిరుమిట్లు గొలిపిన చోట గాజు అంచు గీత గీసినట్టు కనిపిస్తుంది. కంటికి రక్షణ ముఖ్యం.

మీవారి భయం అర్థంలేనిదేం కాదు. ఎర్రగా ఉన్న గాజును ఎవరూ ముట్టుకోరు. కాల్చేది ఎరుపు పోయిన గాజు. మూడు నాలుగు వందల డిగ్రీల్లో ఉన్నా చల్లటిదానిలాగే కనిపిస్తుంది. బల్ల మీద ఏ ముక్కనైనా ముందు అరచెయ్యి వెనకవైపు దగ్గరగా పెట్టి సెగ చూసుకోండి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, కరిగి ఒంటికి అంటుకుంటాయి. నూలు బట్టలు, మూసి ఉన్న చెప్పులు, గట్టిగా ముడేసుకున్న జుట్టు. చున్నీ, ఉంగరాలు, గాజులు ఇంట్లోనే ఉంచండి. గాలికి మంట చెదురుతుందని ఫ్యాను వెయ్యరు, నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. చుర్రుమంటే కుళాయి కింద ఇరవై నిమిషాలు పెట్టండి. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు ఏదీ రాయకండి.

డబ్బు కట్టే ముందు స్టూడియోకు వెళ్ళి చూడవలసినవి ఉన్నాయి. టార్చి మీద పొగ లాగే హుడ్డు పనిచేస్తోందా? ఆ మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి కాబట్టి కిటికీ తెరిచాం అంటే ఒప్పుకోకండి. సిలిండర్లు నిలబెట్టి గొలుసుతో కట్టారా, ఊదే మూతి ముక్క మనిషికొకటి ఇస్తారా అడగండి. ఆక్సిజన్ రెగ్యులేటర్ దగ్గర నూనె, గ్రీజు ఉంటే ఆ స్టూడియో గడప తొక్కకండి. ఒక టీచరు ముందు ఎన్ని టార్చిలు వెలుగుతాయో కూడా కనుక్కోండి. నన్నడిగితే కొత్తవాళ్ళు నలుగురు దాటితే ఎక్కువే. అన్నిటికన్నా ముఖ్యం, టార్చి మీ చేతికిస్తారా, లేక టీచరు చేస్తుంటే చివర్లో ఒక్కసారి ఊదించి ఫొటో తీస్తారా? రెండోదయితే ఆ డబ్బు మట్టి పనికే కట్టుకోండి.

మర్నాడు రమ్మన్నారంటే అది మంచి స్టూడియో అని నా లెక్క. గాజు పైపొర ముందు చల్లారి గట్టిపడుతుంది, లోపలిది తర్వాత కుంచించుకుంటుంది. ఆ లాగులాట లోపలే ఇరుక్కుపోతే వస్తువు చూడ్డానికి బాగానే ఉంటుంది, మూడోనాడో పదోనాడో ఎవరూ ముట్టకుండానే టప్పున పగులుతుంది. అందుకే బోరోసిలికేట్‌ను 560 డిగ్రీల ప్రాంతంలో బట్టీలో కొంతసేపు నిలిపి, తర్వాత నెమ్మదిగా వేడి దించుతారు. ఇది సరిగా జరిగిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ల్యాప్‌టాప్‌లో తెల్లటి పేజీ తెరిచి, దాని ముందు సీసా పట్టుకుని, పోలరాయిడ్ చలవ కళ్ళద్దాల్లోంచి చూడండి. కళ్ళద్దాలను కొద్దికొద్దిగా తిప్పితే ఒకచోట తెర నల్లబడుతుంది. అప్పుడు సీసాలో తెల్లగానో రంగురంగులుగానో పట్టీలు మెరిశాయంటే లోపల బిగువు మిగిలిందన్నమాట. పట్టుకెళ్ళి మళ్ళీ బట్టీలో పెట్టమనండి.

అమ్మాయిని తీసుకెళ్ళండి, స్టూడియోవాళ్ళు ఆ వయసుకు ఒప్పుకుంటేనే. టీచరు పక్కనే నిలబడి, ఒక్క టార్చి మీద ఆమె ఒక్కతే చెయ్యాలి. మీరూ అమ్మాయీ ఒకేసారి కూర్చోకండి. మీ కళ్ళు మీ గాజు మీద ఉండవు.

రేణిగుంట వైపు అన్నారు. ఏర్పేడు మండలం పాపానాయుడుపేట మీకు దగ్గరే కదా! అక్కడివాళ్ళు కొలిమిలోంచి గాజును సన్నటి బోలుగొట్టంగా లాగి, ముక్కలు కోసి, పూసలు చేసేవాళ్ళు. పుదుచ్చేరి పక్కన అరికమేడు తవ్వకాల్లో దొరికిన, రెండు వేల ఏళ్ళ నాటి పూసలు కూడా ఇలా లాగి చేసినవే. అమెరికాలో 1962లో హార్వే లిటిల్‌టన్ టొలీడో మ్యూజియంలో చిన్న కొలిమి పెట్టి, ఫ్యాక్టరీతో పనిలేకుండా కళాకారుడు తన చేత్తో గాజు చేయొచ్చని చూపించారు. ఇప్పటి స్టూడియో క్లాసులకు మూలం అదేనంటారు. అది నిజమే. అయితే మీ ఊరి పక్కన ఇంటి వెనక కొలిమి అంతకు ఎన్నో తరాల ముందే వెలిగింది. ఈసారి ఊరెళ్ళినప్పుడు అమ్మాయిని అటు తీసుకెళ్ళండి.

ప్రశ్న: మా అమ్మమ్మ వేసుకున్న మట్టిగాజుల ముక్కలు దాచుకున్నాను. టార్చి క్లాసులో వాటితో పూస చేసుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: చేసుకోవచ్చు. అవి మామూలు మెత్తగాజు, క్లాసులో ఇచ్చే బోరోసిలికేట్‌తో మాత్రం కలపకండి. రెండూ ఒకే తీరుగా కుంచించుకోవు, చల్లారేటప్పుడు విడిపోతాయి. ఒకే గాజు ముక్కలను ఒకే పూసకు వాడండి. పైన బంగారు పూత ఉంటే ముందు గీకెయ్యండి. ముక్కను తిన్నగా మంటలోకి నెడితే ఎగిరిపడుతుంది, మంట కొసన ఓపిగ్గా వేడెక్కించి లోపలికి తీసుకెళ్ళండి. మట్టి పూత పూసిన స్టీలు కడ్డీ మీద చుట్టించమని టీచరును అడగండి, రంధ్రం దానంతట అదే వస్తుంది. అన్ని ముక్కలూ కరిగించకుండా ఒకటి అలాగే ఉంచుకోండి.

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చదివాను. ఇది ఉద్యోగంగా పనికొస్తుందా?
— ఒక పాఠకుడు, కె.ఆర్.పురం

జవాబు: పనికొస్తుంది బాబూ, కానీ దారి స్టూడియో కాదు. పరిశోధనశాలల గాజు పని వేరు. అక్కడ అందం కన్నా కొలత ముఖ్యం. రెండు గాజు భాగాలను ఒకదాంట్లో ఒకటి బిగించే బి-24 జాయింటు ఒక్క పిసరు వంగినా వాక్యూమ్ నిలవదు. ఇక్కడి ఐఐఎస్సీలోనూ, చెన్నై ఐఐటీలోనూ ఈ పనికి విడిగా విభాగాలున్నాయి. ప్రైవేటుగా ల్యాబు గాజుసామాను చేసే వర్క్‌షాపులూ ఉన్నాయి. కెమిస్ట్రీ తెలిసినవాడు టార్చి ముందు కూర్చుంటే, గీసిచ్చిన బొమ్మలో తప్పు అక్కడికక్కడే పట్టుకోగలడు. ఏదైనా వర్క్‌షాపులో ఒక పూట బెంచి పక్కన నిలబడనివ్వమని అడిగి చూడండి. పని చూశాక కూడా చేతులు ఊరుకోకపోతే నాకు మళ్ళీ రాయండి.